వ్యూస్ డబ్బుల్లో పిల్లల వాటా ఎంత?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ సిటీ పేజీలో ఒక పెద్ద ఫ్యామిలీ మీద సగం పేజీ వేశారు కదా, యూట్యూబ్‌లో రోజూ వీడియోలు పెట్టే తొమ్మిదిమంది పిల్లల ఇల్లు, దాని గురించే ఈ ఉత్తరం. పేర్లు రాయలేదు, ఫోటోలో మొహాలు మసక చేశారు, బాగానే ఉంది, కానీ గేటూ మెట్లూ అలాగే వదిలేశారు, ఆ ఫోటో పట్టుకుని మన విజయవాడ సింగ్ నగర్‌లో ఏ ఆటో అతన్ని అడిగినా ఇంటి ముందు దింపుతాడు. పోనీ లోపల వార్తేమన్నా ఉందా అంటే వీడియోల కింద జనం పెట్టిన కామెంట్లు ఏరి, ఒకదాని కింద ఒకటి పేర్చి, పైన "నెటిజన్లు మండిపడుతున్నారు" అని హెడ్డింగ్ పెట్టారు. ఆ పిల్లల్లో ఒక్కరితో మాట్లాడినట్టు లేదు, స్కూల్లో అడిగినట్టు లేదు, వచ్చే డబ్బులు ఎవరి అకౌంట్లో పడుతున్నాయో కనుక్కున్నట్టు అసలే లేదు.

నేను లేడీస్ టైలర్ని. మిషన్ పక్కన స్టూలు మీద ఫోన్ ఆనించుకుని పొద్దున్నించి రాత్రి దాకా ఏదో ఒకటి పెట్టుకుని కుడతా, చూసేది తక్కువ వినేది ఎక్కువ, పీకో చేసేటప్పుడు కన్ను పక్కకి తిప్పితే చీర పోతుంది. కాబట్టి ఈ ఫ్యామిలీ వ్లాగులు నాకు కొత్తేం కాదు, మన తెలుగువాళ్ళవీ విన్నా, అమెరికా వాళ్ళ కథలు మనవాళ్ళు తెలుగులో చెప్తుంటే అవీ విన్నా. పైగా మీరు రాసిన ఆ ఇంటి పిల్లలకి బట్టలు కుట్టేది కూడా నేనే. వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకోడానికి రాస్తున్నా అనుకోకండి, కింద దాకా చదివితే మీకే అర్థమవుతుంది.

ముందు ఆ "ఇంతమంది ఎందుకు" అన్న గొడవ అవగొట్టేస్తా. మా చిన్నప్పుడు ప్రతి గవర్నమెంట్ ఆస్పత్రి గోడ మీదా ఎర్ర త్రికోణం, పక్కన "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అని ఉండేది. మన ఆంధ్రా 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలుంటే పంచాయతీ ఎలక్షన్లో నిలబడటానికి లేదన్నారు, 2024 నవంబర్లో అదే అసెంబ్లీలో ఆ రూలు తీసేశారు. ఇప్పుడు సీఎం గారే జనాభా తగ్గిపోతోంది ఎక్కువమందిని కనండి అంటున్నారు, 2025 మార్చిలో విజయనగరం ఎంపీ గారైతే మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50,000 రూపాయలు, మగపిల్లాడు పుడితే ఆవు ఇస్తానన్నారు (ఆవుని సింగ్ నగర్‌లో ఎక్కడ కట్టెయ్యాలో ఆయనే చెప్పాలి). గవర్నమెంటే ముప్ఫై ఏళ్ళలో ఇటునించి అటు తిరిగితే, ఆ తల్లి ఎంతమందిని కన్నదని మనం వేళ్ళు మడిచి లెక్కపెట్టడం ఎందుకండీ, మా నాయనమ్మ పదకొండు కాన్పులు, ఊళ్ళో ఎవరూ ఆవిడ్ని కామెంట్ చెయ్యలేదు, అసలు అలా చెయ్యొచ్చని కూడా ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు తడుతోంది. ఆ వీడియోల కింద ఏముంటాయో మీ రిపోర్టర్ గారు సగమే రాశారు. అమ్మ గుడ్ల పులుసు పెడితే గిన్నెలో గుడ్లెన్ని ఉన్నాయో లెక్కపెట్టి "తొమ్మిదిమందికి ఆరు గుడ్లా" అని ఒకరు, ఇంకో రోజు చికెన్ వండితే "డబ్బులెక్కడివి" అని ఇంకొకరు. ఆవిడ వదులు నైటీ వేసుకుంటే మళ్ళీ నీళ్ళోసుకుందా అని పందేలు. పెద్దపిల్ల చంటోణ్ణి ఎత్తుకుంటే "పాపం దాని బాల్యం పోయింది", ఎత్తుకోకపోతే "చెల్లెళ్ళని తమ్ముళ్ళని పట్టించుకోదు, పొగరు". ఏది చేసినా అంటారు. ఇందులో నిజంగా పిల్లల మీద దిగులుతో రాసేవాళ్ళు లేరని అనను, ఉన్నారు, నేను విన్నంతలో వాళ్ళ మాట అడుక్కి పోతుంది, వెటకారమే పైకి తేలుతుంది.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు కట్ట తెగి మా సింగ్ నగర్ మునిగినప్పుడు సంగతి చెప్తా. కింద పోర్షన్లన్నీ పీకల్లోతు నీళ్ళు, కరెంటు లేదు, పడవలు మెయిన్ రోడ్డు దాకే వచ్చేవి, లోపలి వీధులకి డ్రోన్లతో పులిహోర పొట్లాలు, నీళ్ళ బాటిళ్ళు దింపారు. ఆ ఇంటివాళ్ళు మేడ మీద టార్పాలిన్ కట్టుకుని ఉన్నారు, పిల్లలు చేతులూపుతుంటే డ్రోన్ వచ్చి పొట్లాలు వదలడం వాళ్ళమ్మ ఫోన్లో తీసింది, చార్జింగ్ దొరికాక పెట్టింది. ఇక దాని కింద చూడాలి. ఎన్ని పొట్లాలు తీసుకున్నారో వీడియో ఆపి ఆపి లెక్కబెట్టారండీ, పక్కిళ్ళవాళ్ళవి కూడా మీరే లాక్కున్నారని, వరదలో కూడా కంటెంటేనా అని, అంతమందిని కన్నది గవర్నమెంట్ తిండి కోసమా అని. మేమందరం ఆ మేడల మీదే ఉన్నాం, ఎవరింట్లో ఎంతమంది ఉంటే అంతమందికి తీసుకున్నాం, అది దొంగతనం అని మాకెవరికీ అనిపించలేదు. ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్నోడికి అనిపించింది.

అయినా ఆ వరద వీడియోనే వాళ్ళ చానెల్‌ని పైకి లేపింది. తిట్టినోడు కూడా ముందు చూస్తేనే కదా తిట్టేది, తిట్టాక మళ్ళీ వాళ్ళేం సమాధానం చెప్తారో చూడ్డానికి రేపొస్తాడు. తర్వాత పిల్లలు బడికి పోవట్లేదని ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు, ఇద్దరు ఆఫీసర్లు వచ్చి స్కూల్ ఐడీ కార్డులు, ఆధార్‌లు చూసి, పిల్లల్ని పేరుపేరునా పలకరించి, అంతా సరిగ్గానే ఉందని రాసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు గుమ్మం దాటారో లేదో "మా ఇంటికి ఆఫీసర్లు వచ్చారు, ఏం జరిగిందో చూడండి" అని వీడియో. దానికొచ్చినన్ని వ్యూస్ ఆ చానెల్లో దేనికీ రాలేదు. అంటే పెట్టేవాళ్ళు, మెచ్చుకునేవాళ్ళు, ఏకిపారేసేవాళ్ళు, వాళ్ళ మీద రియాక్షన్ వీడియోలు చేసి బతికేవాళ్ళు, ఆఖరికి మీ సగం పేజీ కూడా, అందరూ కలిసి ఒకే వ్యాపారంలో ఉన్నారు, ఎవరి లాభం వాళ్ళకుంది. ఈ వ్యాపారంలో సరుకెవరో వాళ్ళకి మాత్రం వాటా లేదు.

నేను చూసిందే చెప్తా. పోయిన సంక్రాంతికి ఒక బట్టల షాపు వాళ్ళు ప్రమోషన్ కింద వాళ్ళకి ఒకే డిజైన్ గుడ్డ తాను పంపారు, ఆడపిల్లలకి లంగా జాకెట్లు, మగపిల్లలకి చొక్కాలు, చంటోడికి చిన్న కుర్తా, అన్నీ నేనే కుట్టా. కుట్టుకూలి నాకొచ్చింది, బేరం ఆడకుండా ఇచ్చారు. షాపుకి గిరాకీ వచ్చింది. వాళ్ళమ్మకి ప్రమోషన్ డబ్బులు వచ్చాయి. పండగ నాడు పిల్లలు పొద్దున్నే లేచి తలంట్లు పోసుకుని ఆ బట్టలేసుకుని ముగ్గు చుట్టూ పరిగెత్తుతా వచ్చారు, సరిగ్గా రాలేదని మళ్ళీ పరిగెత్తమన్నారు, ఈసారి నవ్వలేదని మళ్ళీ, మూడోవాడు మధ్యలో ఏడ్చాడని మళ్ళీ. మా వాకిట్లో ముగ్గేసుకుంటా నేను చూస్తున్నా, వీధిలో మిగతా పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. ఇందులో పని చేసిందెవరు, డబ్బులు అందనిదెవరు, మీరే చెప్పండి.

వాళ్ళమ్మ మీద కోపం తెప్పించాలని రాయట్లేదు ఇది. ఆవిడ మంచి మనిషి, పిల్లల మీద చెయ్యెత్తగా నేను చూడలేదు, వాళ్ళాయన ఆటోనగర్‌లో లారీలకి బాడీ కట్టే పని, ఆ జీతంతో తొమ్మిదిమంది ఫీజులంటే అయ్యే పని కాదు. ఒకసారి బ్లౌజు ఆది ఇవ్వడానికి వచ్చినప్పుడు అడిగా, "పిల్లల పేర బ్యాంకులో ఏమన్నా వేశావా తల్లీ" అని. "అంతా వాళ్ళ కోసమే కదక్కా" అంది. అబద్ధం కూడా కాదు, ఫీజులు కట్టింది, ఫ్రిజ్ కొంది, వరదలో పోయిన మంచాలు మళ్ళీ చేయించింది. కానీ ఆ పిల్లల్లో ఒకరికి పద్దెనిమిది వచ్చి, నేను చేసిన పని డబ్బులేవీ అనడిగితే ఫ్రిజ్ చూపిస్తారా?

పెద్దపిల్ల సంగతి ఇంకోటి. ఇంటర్ చదువుతోంది. లంగావోణీకి కొలతలివ్వడానికి వాళ్ళమ్మతో వచ్చింది, ఆవిడ గుమ్మంలోనే ఫోన్ ఆన్ చేసి "హాయ్ ఫ్రెండ్స్, మన టైలర్ అక్క షాపుకొచ్చాం" అని మొదలుపెట్టింది. నేను టేపు పెట్టి నడుము కొలిస్తే కొలత చూసి నాకే అనుమానం వచ్చింది, ఆర్నెల్ల కిందటి పుస్తకంలో రాసుకున్నదాని కంటే తక్కువుంది, ఎదిగే పిల్లకి అలా రాదు. "అమ్మాయీ, కొలతలప్పుడు నా షాపులో వీడియో వద్దమ్మా" అన్నా, ఆవిడ నవ్వుతూనే ఆపేసి బయటికెళ్ళి చంటోడికి బిస్కెట్ కొనిస్తోంది. అప్పుడు ఆ పిల్ల ఊపిరి వదిలింది. మళ్ళీ టేపు పెడితే ఇంచిన్నర ఎక్కువొచ్చింది. "ఎందుకే పొట్ట బిగబట్టావు, ఆ కొలతకి కుడితే హుక్కు పడుద్దా" అంటే తల దించుకుని "లావైపోయానని కింద రాస్తున్నారు ఆంటీ" అంది. అంతకుముందు ఏడాది దాని ఓణీల ఫంక్షన్ మొత్తం వీడియో పెట్టారు, మంగళస్నానం దగ్గర్నించి. క్లాసులో మగపిల్లలు ఆ వీడియో ఫోన్లలో పెట్టుకుని తిరిగారట, అది కూడా అప్పుడే చెప్పింది. తీసెయ్యమని అమ్మని అడిగావా అంటే అడిగిందట, దానికి వ్యూస్ బాగా వస్తున్నాయి కొన్నాళ్ళాగు అన్నారట.

మన ఇళ్ళల్లో ఆ ఫంక్షన్ చుట్టాల్ని పిలిచి చేసుకుంటాం, ఫ్లెక్సీలు కూడా కడతాం, నాకు ఆ ఫ్లెక్సీలే నచ్చవు అనుకోండి, అది వేరే సంగతి. కానీ చుట్టాలు భోంచేసి వెళ్ళిపోతారు. ఇది అలా పోదు. 2024 జూలైలో ఏం జరిగిందో అందరికీ గుర్తుండే ఉంటది, ఒక తండ్రీ కూతురూ సరదాగా తీసుకున్న చిన్న వీడియో మీద ఒక తెలుగు యూట్యూబరూ వాడి ఫ్రెండ్సూ లైవ్‌లో కూర్చుని నోటితో చెప్పలేని మాటలు మాట్లాడారు, హీరో సాయి ధరమ్ తేజ్ గారు అది చూసి బయటపెడితే గానీ ఎవరూ కదల్లేదు, తర్వాత తెలంగాణ పోలీసులు బెంగళూరులో పట్టుకుని పోక్సో కింద కూడా కేసు పెట్టారు. ఆ రోజు మనందరం ఛీ అన్నాం. మరి మామూలు రోజుల్లో అదే పని కొంచెం మర్యాదగా చేస్తే దానికి "నెటిజన్లు మండిపడుతున్నారు" అని పేరు పెట్టేస్తే సరిపోతుందా?

ఇదేదో మన దగ్గరే అనుకోకండి, పెద్ద ఫ్యామిలీ కనిపిస్తే లెక్కపెట్టడం అన్ని దేశాల్లోనూ ఉంది. ఇంగ్లండ్‌లో రాడ్‌ఫర్డ్ అని ఒక ఫ్యామిలీ, 22 మంది పిల్లలు, టీవీలో షో కూడా వచ్చింది, వాళ్ళు సొంతంగా బేకరీ పెట్టుకుని బతుకుతున్నా సరే ట్రిప్పుకి వెళ్తే చాలు "ఎవరి డబ్బులతో" అని మొదలు, భాష మారిందంతే. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో దుగ్గర్ అని 19 మంది పిల్లల ఫ్యామిలీ, 2008 నించి 2015 దాకా టీవీలో వాళ్ళ బతుకే షో. ఆ ఆడపిల్లల్లో ఒకావిడ కాన్పు కూడా టీవీలో చూపించారు, తర్వాత ఆవిడే పుస్తకం రాసి, ఏళ్ళ తరబడి కెమెరా ముందుంటే మాకంటూ డబ్బులు ఇవ్వలేదని చెప్పింది. 2015లో ఆ ఇంటి పెద్దకొడుకు చిన్నతనంలో సొంత చెల్లెళ్ళతో తప్పుగా ప్రవర్తించాడని పాత పోలీసు రిపోర్టు ఒక పత్రిక బయటపెట్టింది, షో ఆగిపోయింది. ఎడిటర్ గారూ, ఇక్కడ మీరు కొంచెం ఆగి చదవాలి. ఆ పత్రిక ఆడపిల్లల పేర్లు కొట్టేసే వేసింది. కానీ ఏళ్ళ తరబడి ఆ ఇంటిని చూస్తున్న జనం ఎవరెవరో ఇట్టే లెక్కగట్టేశారు, తప్పు చేసినోడి సంగతి పక్కన పెట్టి ఆ ఆడపిల్లల గురించి మాట్లాడుకున్నారు, మా బతుకు రెండోసారి బజారున పడిందని వాళ్ళు కోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది. అందుకే మీరు వదిలేసిన ఆ గేటూ మెట్లూ నాకు చిన్న విషయం అనిపించట్లేదు.

అలాగని జనం చూడ్డం, అడగడం మొత్తం తప్పని కూడా అనలేను. అమెరికాలోనే యూటా రాష్ట్రంలో రూబీ ఫ్రాంకీ అని ఒకావిడ, ఆరుగురు పిల్లలు, 20 లక్షలు దాటిన సబ్‌స్క్రైబర్లు, పిల్లల్ని ఎలా పెంచాలో ఊరందరికీ పాఠాలు చెప్పేది. 2020లో కొడుకుని శిక్ష కింద నెలల తరబడి మంచం లేకుండా బీన్ బ్యాగ్ మీద పడుకోబెట్టామని వాళ్ళే వీడియోలో చెప్పేసరికి చూసేవాళ్ళు గోల చేశారు, సంతకాలు పెట్టారు, విషయం అధికారుల దాకా వెళ్ళింది, అప్పుడేం తేలలేదు. 2023 ఆగస్టులో ఆవిడ 12 ఏళ్ళ కొడుకు స్నేహితురాలి ఇంటి కిటికీలోంచి తప్పించుకుని పక్కింటి తలుపు కొట్టి తిండీ నీళ్ళూ అడిగాడు, ఆ పక్కింటాయన పిల్లాడి కాళ్ళకి టేపులు చూసి పోలీసులకి ఫోన్ చేశాడు. 2024 ఫిబ్రవరిలో ఆవిడకి నాలుగు శిక్షలు పడ్డాయి, ఒక్కోటి 1 నించి 15 ఏళ్ళ దాకా, ఒకటయ్యాక ఒకటి. అంటే అనుమానపడినవాళ్ళదే రైటయింది. కాకపోతే లక్షలమంది రోజూ చూస్తున్న ఇంట్లో ఏం జరుగుతోందో పక్కింటాయన తలుపు తీసే దాకా బయటపడలేదు, వీడియోలో కనపడేది వాళ్ళు చూపించిందే కాబట్టి. నిజంగా భయం వేస్తే 1098 ఉంది, బడిలో టీచరుంది, కామెంటు పెడితే ఆ పిల్లకి ఒరిగేదేముంది, పొట్ట బిగబట్టుకోడం తప్ప.

ఆ ఫ్రాంకీ పెద్దకూతురు 2024లో యూటా శాసనసభ వాళ్ళ ముందుకెళ్ళి ఫ్యామిలీ వ్లాగింగ్ పిల్లల్ని ఏం చేస్తుందో చెప్పింది, 2025లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. పిల్లల్ని చూపించి సంపాదిస్తే అందులో వాళ్ళ వాటా విడిగా దాచాలి, పెద్దయ్యాక ఆ వీడియోలు తీసెయ్యమంటే తీసెయ్యాలి. ఇల్లినాయి రాష్ట్రంలో అంతకుముందే, 2024 జూలై 1 నించి, 16 ఏళ్ళలోపు పిల్లలు వీడియోల్లో ఎక్కువగా కనిపిస్తే వాళ్ళ వంతు డబ్బు ట్రస్టులో వెయ్యాలని అమల్లోకొచ్చింది. ఫ్రాన్స్ వాళ్ళయితే 2020లోనే చేశారు.

మన దగ్గరేముందని మా అక్క కొడుకుని అడిగా, లా చదువుతున్నాడు. వాడు ఫోన్లో తీసి చదివి వినిపించాడు. సినిమాల్లో సీరియల్స్‌లో 14 ఏళ్ళలోపు పిల్లలు చేస్తే 2017 నించి బాల కార్మిక రూల్స్‌లో పద్ధతి ఉందట, నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ పర్మిషన్ తీసుకోవాలి, రోజుకి 5 గంటలు దాటకూడదు, మధ్యలో రెస్ట్ లేకుండా 3 గంటలకి మించి ఉంచకూడదు, వచ్చే డబ్బులో కనీసం 20 శాతం ఆ పిల్లల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. చాలా బాగుంది. మరి అమ్మే కెమెరా పట్టుకుంటే? "అక్కడే పిన్నీ తిరకాసు" అన్నాడు, 2016లో చట్టం మార్చినప్పుడు బడయ్యాక, సెలవుల్లో ఇంటివాళ్ళ పనిలో పిల్లలు సాయం చెయ్యొచ్చని వదిలారట, ఇది కూడా ఇంటి పనే అనేస్తే అడిగేవాడు లేడు. 2023లో వచ్చిన డేటా చట్టంలో కూడా 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలన్నారు, వీడియో పెట్టేది తల్లే అయినప్పుడు ఆ ఒప్పుకోలుతో పిల్లకి కలిసొచ్చేదేంటో నాకైతే అర్థం కాలేదు.

ఇదండీ నేనడిగేది. షూటింగ్‌లో వేషం వేసిన పిల్లకి 20 శాతం ఎఫ్‌డీ ఉన్నప్పుడు సొంత ఇంట్లో రోజూ కెమెరా ముందుండే పిల్లకి ఎందుకు లేదు. కలెక్టర్ గారికో, లేబర్ ఆఫీసు వాళ్ళకో చెప్పి ఆ ఇంటి మీదకి పంపమని అనట్లేదు, ఆ ఒక్క ఇల్లే కాదు, ఇవాళ విజయవాడలో గుంటూరులో ప్రతి వీధికీ ఒక ఫ్యామిలీ చానెలుంది, ఇద్దరు పిల్లల ఇళ్ళల్లో కూడా ఇదే జరుగుతోంది, తొమ్మిదిమంది కాబట్టి వీళ్ళు కనపడుతున్నారంతే. అందరికీ కలిపి ఒక రూలు చెయ్యమనండి, డబ్బు పిల్ల పేరున పడాలి, పడిందో లేదో యూట్యూబ్ కంపెనీ వాడు చూడాలి, పిల్ల తీసెయ్యమంటే పద్దెనిమిది దాకా ఆగకుండా తీసెయ్యాలి. మన నాయకులు ఎక్కువమందిని కనమని చెప్తున్నారు కదా, పుట్టిన పిల్లల కోసం ఇది కూడా చెయ్యమనండి.

మీ పేపర్ వాళ్ళని అడిగేది కూడా ఒకటుంది. ఈసారి ఎవరి మీదైనా రాసేటప్పుడు కామెంట్లు ఏరుకురావడం మానేసి తల్లిదండ్రుల్ని నేరుగా అడగండి, అకౌంట్ ఎవరి పేరున ఉంది, పిల్లలకి ఎంత వేశారు, పిల్ల వద్దన్న వీడియో ఏదన్నా తీసేశారా అని. సమాధానం చెప్పకపోతే చెప్పలేదని రాయండి. ఆ ఓణీల ఫంక్షన్ వీడియో గురించి నేను వాళ్ళమ్మకి చెప్పా, మొన్న మీ పేజీ వచ్చిన రోజే. "చూద్దాంలే అక్కా" అంది, ఈ ఉత్తరం రాసే టయానికి ఇంకా ఉంది, మీ ఆర్టికల్ పుణ్యమా అని చూసేవాళ్ళు కూడా పెరిగారు.

నా పేరు, షాపు పేరు వెయ్యొద్దు. వేస్తే ఏ వీధో, ఏ ఇల్లో, ఏ పిల్లో మనవాళ్ళు సాయంత్రానికల్లా పట్టేస్తారు. అందుకే ఇందులో వాళ్ళ నాన్న పని, పెద్దపిల్ల చదువు, ఇంకొన్ని గుర్తులు కావాలనే మార్చి రాశాను, మీ రిపోర్టర్ గారికి అసలువి తెలుసు కాబట్టి తప్పులనుకుని సరిచేసి వేస్తారేమో, దయచేసి అలాగే ఉంచండి.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
విజయవాడ